క్లాసులో అందరికీ కార్లున్నప్పుడు మన పిల్లోడికి ఏం చెప్పాలి

తిరుపతిలో మంచి ప్రైవేటు స్కూల్లో సీటు సంపాదించడం ఒక తిప్పలు, ఏటేటా ఫీజు కట్టడం ఇంకో తిప్పలు, ఈ రెండూ అందరూ మాట్లాడుకునేవే. మూడోది ఒకటుంది, దాని గురించి పేరెంట్స్ మీటింగులో ఎవరూ నోరెత్తరు, గేటు బయట బండి స్టాండు తీస్తా మాత్రం చెప్పుకుంటారు. పిల్లోడు పక్కనోడి స్మార్ట్ వాచీ గురించే మాట్లాడుతున్నాడు, ఫలానా వాళ్లు దసరా లీవుల్లో సింగపూర్ పోయొచ్చారంట మనమెప్పుడు పోతాం అంటున్నాడు, బర్త్‌డేకి ఎయిర్ బైపాస్ రోడ్డులో హోటల్ హాలు బుక్ చేయమంటున్నాడు, ఏం చెప్పాలో తెలీడం లేదు అని. దీనికి మన చుట్టాలిచ్చే సలహాలు రెండే రకాలు. 'ఆ స్కూలు మాన్పించేయండి, గొప్పోళ్లతో మనకెందుకు' అనేది ఒకటి, 'బిడ్డ చిన్నబోతాడు, కొనిచ్చేయప్పా, సంపాదించేది ఎవరికోసం' అనేది ఇంకోటి. ఇద్దరికీ వాచీ కనబడతా ఉంది, వాచీ అడిగిన పిల్లోడు కనబడ్డం లేదు, అదే నా బాధ.

ముందు ఇక్కడ డబ్బున్నోళ్లంటే ఎవరో చూద్దాం, ఎందుకంటే మన ఊర్లో ఈ లెక్క కొంచెం వేరు. ఒకే సెక్షన్‌లో లాడ్జీలు, ట్రావెల్స్ నడిపే వాళ్ల పిల్లలుంటారు, రియల్ ఎస్టేట్‌లో నాలుగైదేళ్లలో పైకొచ్చిన వాళ్లుంటారు, డాక్టర్లు, కాంట్రాక్టర్లు, చిత్తూరు వైపైతే మామిడి గుజ్జు ఫ్యాక్టరీలున్నోళ్లు, కుప్పం వైపు గ్రానైట్ వాళ్లు, అమెరికాలో ఉంటా పిల్లల్ని అవ్వాతాతల దగ్గర పెట్టి చదివించే వాళ్లు కూడా. వాళ్ల పక్క బెంచీలోనే యూనివర్సిటీ గుమాస్తా కొడుకు, కొండమీద డ్యూటీ చేసే ఆయన కూతురు, గాంధీ రోడ్డులో చిన్న బట్టల కొట్టాయన పిల్లోడు, ఏర్పేడు దగ్గర మూడెకరాల రైతు బిడ్డ. ఇంత తేడా ఉన్న పిల్లలకి ఒకే రంగు యూనిఫాం వేసి కూర్చోబెడితే తేడా పోతుందని స్కూలు వాళ్ల నమ్మకం. యూనిఫాం కప్పేది చొక్కాని ఒక్కదాన్నే కదా, బూట్లు, బ్యాగు, వాటర్ బాటిల్, టిఫిన్ బాక్సులో ఉండేది, పొద్దున దిగిన బండి, ఇవన్నీ బయటే ఉంటాయి, పిల్లలు చూసేది కూడా వాటినే.

తిరుపతి పిల్లలకి ఇంకో కొలత ఉంది, బయటి ఊర్ల వాళ్లకి చెప్తే నవ్వుతారు. దర్శనం. ఇక్కడ డబ్బు కంటే పరపతి పెద్దది, 'మా డాడీ ఒక్క ఫోన్ చేస్తే బ్రేక్ దర్శనం' అనే మాట నాలుగో క్లాసు పిల్లల నోట్లో కూడా వినబడతాది. సర్వదర్శనానికి టికెట్టు లేదు గానీ రద్దీ రోజుల్లో గంటలకి గంటలు కంపార్ట్‌మెంట్లలో కూర్చోవాలి, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో పెట్టిన కాసేపటికే అయిపోతాయి, ఎమ్మెల్యే లెటరో ఎంపీ లెటరో ఉంటే బ్రేక్, శ్రీవాణి ట్రస్టుకి 10,000 ఇచ్చుకోగలిగితే అది ఇంకో దారి. ఇన్ని లైన్లు చూస్తా పెరిగిన పిల్లోడు ఒకరోజు ఇంటికొచ్చి 'నాన్నా, మనం ఎప్పుడూ పెద్ద లైన్లోనే ఎందుకు పోతాం' అని అడుగుతాడు. చాలామంది దీనికి 'దేవుడి దగ్గర అందరూ సమానమే రా' అంటారు, పిల్లోడు నమ్మడు, వాడి కళ్లెదురుగా వేరే గేటు ఉంది కదా. దానికంటే ఉన్నదున్నట్టు చెప్పడం మేలు: లెటర్ ఎవరిస్తారు, ఎందుకిస్తారు, అది తెచ్చుకున్నాయన రేపు ఎవరికి ఏం చేసిపెట్టాల్సి వస్తుంది, మనం ఎందుకు అడగలేదు లేదా అడిగినా ఎందుకు దొరకలేదు. పదేళ్ల పిల్లోడికి ఇదంతా బ్రహ్మాండంగా అర్థమవుతుంది. అదే కొండమీద వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో లెటర్ పనిచేయదు, ఖాళీ ఉన్న చోట వరసలో కూర్చోవాల్సిందే, కళ్యాణకట్టలో గుండు అయినాక ఎవరి నాన్న ఎవరో పోల్చలేం, అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కేటప్పుడు ఎవరి మోకాళ్లు వాళ్లవే. డబ్బు, పరపతి ఎక్కడ పనిచేస్తాయో ఎక్కడ పనిచేయవో రెండూ ఒకే రోజులో పిల్లోడికి చూపించే వీలు మనకున్నంత సులువుగా ఎవరికుంది చెప్పండి.

సరే, అసలు ముడి దగ్గరికొద్దాం. పిల్లోడు ఎందుకు చిన్నబోతాడు?

1954లో లియోన్ ఫెస్టింగర్ అనే అమెరికా సైకాలజిస్టు ఒక సిద్ధాంతం రాశాడు. మనిషికి తానేపాటి అని తేల్చుకోవాలని ఉంటుంది, దానికి స్కేలు లాంటిది ఏదీ దొరకనప్పుడు పక్క మనుషుల్ని చూసి కొలుచుకుంటాడు, అది కూడా తనకి దగ్గరగా, తనలాగే ఉన్నోళ్లని చూసి. అందుకే మీ పిల్లోడు 2024లో అంబానీ ఇంటి పెళ్లి ఫోన్లో చూసి ఏడవలేదు, వేడుకగా చూసి నవ్వుకున్నాడు, కానీ బెంచీమేట్‌కి గేర్ సైకిల్ వస్తే ఆ రాత్రి అన్నం సహించదు. దీన్నుంచి ఒక సంగతి తేలతా ఉంది. పిల్లోడి బాధ మీ ఇంట్లో ఎంత ఉంది అనేదాన్ని బట్టి రాదు, క్లాసులో ఎంత తేడా ఉంది అనేదాన్ని బట్టి వస్తాది. అదే జీతం, అదే ఇల్లు, అదే స్కూటర్‌తో మీ పిల్లోడు ఒక స్కూల్లో ఉన్నోళ్ల పిల్లోడు, ఇంకో స్కూల్లో లేనోళ్ల పిల్లోడు. కాబట్టి కొనిచ్చి ఈ బాధ తీర్చడం కుదరదు, గేర్ సైకిల్ కొంటే పక్కనోడు ఎలక్ట్రిక్ స్కూటర్ మీద వస్తాడు, ఆ పందెం మీ జీతంతో గెలిచేది కాదు, ఇంకో పదిరెట్ల జీతంతో కూడా గెలిచేది కాదు.

ఇక్కడ నాకు కొంచెం కోపం తెప్పించే విషయం చెప్తాను. మనం పిల్లలకి పోలిక అలవాటు చేసేది ఎల్‌కేజీ నుంచే. ప్రోగ్రెస్ కార్డు రాగానే మొదటి ప్రశ్న 'నీకెన్ని' కాదు, 'ఫస్ట్ ఎవరు, వాళ్లకెన్ని, నీకెందుకు తగ్గాయి'. రోడ్డు మీద ఫ్లెక్సీలో ర్యాంకుల ఫోటోలు, ఇంట్లో పిన్ని కూతురి మార్కులతో పోలిక, ట్యూషన్‌లో పోలిక. పదేళ్లు ఇట్లా రోజూ పక్కనోడిని చూసి నిన్ను నువ్వు కొలుచుకో అని నేర్పి, వాడు ఆ పాఠాన్ని శుభ్రంగా నేర్చుకుని బూట్ల మీద, ఫోన్ల మీద వాడేసరికి 'ఛీ, పోల్చుకోవడం ఏంది నాయనా, మనకున్నదాంతో తృప్తిగా ఉండాలి' అంటాం. మార్కులకి ఒక రూలు, వస్తువులకి ఇంకో రూలా? పిల్లలకి ఈ తేడా అర్థం కాదు, అర్థం కాకపోవడం వాళ్ల తప్పు కాదు. మన మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి జీవితమంతా చదువు గురించి మాట్లాడిన వాటిల్లో మళ్లీ మళ్లీ వచ్చే మాట ఇదే, ఒక పిల్లోడిని ఇంకో పిల్లోడితో పోల్చడం దగ్గరే భయం పుడుతుందని, పోలిక ఉన్నచోట చదువు జరగదని. ఆయన పెట్టిన రిషి వ్యాలీ స్కూలు మనకి పక్కనే ఉంది, దాని ఫీజులు మనలాంటోళ్లకి అందేవి కావు అది వేరే కథ, కానీ ఆ ఒక్క మాట మాత్రం ఫ్రీగా ఇంటికి తెచ్చుకోవచ్చు. ఇంట్లో మార్కుల పోలిక ఆపకుండా వస్తువుల పోలిక ఒక్కటే ఆపాలంటే ఆగదు.

రెండో సంగతి, పిల్లోడు అడిగేది నిజంగా ఆ వస్తువునేనా. ఆలిసన్ ప్యూ అనే సోషియాలజిస్టు కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో కొన్నేళ్లు పిల్లల మధ్య, వాళ్ల ఇళ్లలో తిరిగి గమనించి 2009లో రాసిన విషయం నాకు బాగా నచ్చింది. పిల్లలు వస్తువులు కావాలనేది చాలాసార్లు గొప్ప చూపించడానికి కాదంట, నలుగురు కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఆ మాటల్లో తనకూ చోటుండాలని, లేకపోతే తాను అక్కడ లేనట్టే ఉంటుందని. వీడియో గేమ్ లేని పిల్లోడు కూడా అందులో లెవెల్స్ గురించి పూర్తిగా తెలుసుకుని మాటలో కలిసిపోయేవాడంట. ఇంకో గమ్మత్తు ఉంది ఇందులో. డబ్బున్న అమ్మానాన్నలు 'మేం ఫలానాది కొనివ్వలేదు తెలుసా' అని గొప్పగా చెప్పుకునేవాళ్లు, కొనిచ్చేవి మాత్రం లెక్కలేనన్ని. లేనోళ్లు చీర మానుకుని, కరెంటు బిల్లు వాయిదా వేసి అయినా పిల్లోడికి క్లాసులో కనబడే ఆ ఒక్క వస్తువు కొనిచ్చేవాళ్లు. ఓక్లాండ్ అన్న పేరు తీసేసి కొర్లగుంట అని పెట్టండి, ఒక్క ముక్క మార్చక్కర్లేదు. మన దగ్గర నాలుగు కార్లున్న ఆయన 'మా వాడికి ఫోన్ ఇవ్వలేదండీ, పద్ధతిగా పెంచుతున్నాం' అంటాడు, పక్కింటి ఆటో ఆయన ఈఎంఐలో ఫోన్ కొనిచ్చి ఉంటాడు, జనం మెచ్చుకునేది మాత్రం మొదటాయన్ని.

కాబట్టి ఏదైనా అడిగినప్పుడు ముందు కొంచెం తవ్వండి. 'అది ఎవరి దగ్గరుంది, వాళ్లు దాంతో ఏం చేస్తారు, నువ్వు లేకపోతే అక్కడ ఏం జరుగుతాది' అని మామూలుగా, విచారణ చేసినట్టు కాకుండా. సగం సార్లు తేలేది ఏంటంటే లంచ్ బ్రేక్‌లో ఆ గేమ్ గురించే మాట్లాడుకుంటారు, వీడు ఒక్కడూ గోడ పక్కన నిల్చుంటాడు. దానికి ముప్పై వేల వస్తువు అక్కర్లేదు, వాడికి ఇంకో మాట, ఇంకో ఆట, ఇంకో ఇద్దరు ఫ్రెండ్స్ కావాలి. శనివారం ఆ పిల్లల్లో ఒకడిని ఇంటికి పిలిచి దోసెలు పోసి, మేడ మీద క్రికెట్ ఆడుకోనిస్తే అయ్యే పని. ఇల్లు చిన్నదని పిలవడానికి సంకోచించేది మనమే, పిల్లలు కాదు, బంగళాలో ఉండే పిల్లలకి మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన ఆడుకోవడం అంటే పండగ.

వయసు కూడా చూసుకోవాలి. నాలుగైదేళ్ల పిల్లలు కూడా మంచి బొమ్మలు, మంచి ఇల్లు ఉన్నట్టు కనబడే పిల్లోడినే ఎక్కువ ఇష్టపడతారని అమెరికాలో పరిశోధనలున్నాయి, అంటే ఇది మన టీవీలో, రీల్స్‌లో మాత్రమే పుట్టింది అనుకోవడం తప్పు. ఆ తర్వాత లాన్ చాప్లిన్, డెబోరా జాన్ అనే ఇద్దరు 2007లో చూపించింది ఏమంటే, వస్తువుల మీద మోజు ఎనిమిది తొమ్మిదేళ్ల నుంచి పెరుగుతా పోయి పన్నెండు పదమూడేళ్లకి బాగా ముదిరి పదహారు పద్దెనిమిదికి మళ్లీ తగ్గుతాది. ఇది పిల్లలు తమని తాము ఎంత మంచిగా అనుకుంటారు అనేదానికి సరిగ్గా ఎదురుగా నడుస్తాది, ఏడో క్లాసులో తన మీద తనకి నమ్మకం పడిపోతాది, మోజు లేస్తాది. వాళ్లు ఇంకోటి కూడా చేశారు, తోటిపిల్లల చేత ఆ పిల్లోడి గురించి మంచి మాటలు రాయించి ఇచ్చారు, అంతే, ఆ మోజు తగ్గింది. ఉపన్యాసం ఇవ్వలేదు, పొదుపు పాఠం చెప్పలేదు. ఆరు నుంచి ఎనిమిదో క్లాసు పిల్లోడున్న ఇంట్లో ఇది గుర్తుపెట్టుకుంటే చాలా గొడవలు తగ్గుతాయి, బూట్ల కోసం ఏడ్చే పిల్లోడికి బహుశా కావాల్సింది బూట్లు కాదు, తాను దేనికో ఒకదానికి పనికొస్తానని ఎవరైనా గట్టిగా చెప్పడం. అది తారకరామ స్టేడియంలో పరుగు కావచ్చు, మృదంగం కావచ్చు, సైకిల్ చెయిన్ సరిచేయడం కావచ్చు.

'డబ్బుల్లేవు' అనే మాట

మన ఇళ్లలో అన్నిటికంటే ఎక్కువ వాడే అబద్ధం ఇదే. వాచీకి డబ్బుల్లేవు అంటాం, వారం తిరక్కుండా చీటీ పాట పాడి ఏసీ తెస్తాం, పిల్లోడు చూస్తానే ఉంటాడు. వాడికి అర్థమయ్యేది ఏంటి? డబ్బులు ఉన్నాయి, నాకు మాత్రం ఇవ్వరు అని, లేదా ఇంకా గట్టిగా ఏడవలేదు కాబట్టి రాలేదు అని. రెండోది చాలా ప్రమాదం, ఏడుపు ఒక పద్ధతిగా నేర్చుకుంటారు. ఉన్నప్పుడు 'ఉన్నాయి, కానీ దానికి పెట్టం' అనాలి. ఎందుకు పెట్టమో ఒక్క వాక్యంలో చెప్పాలి, నిలబడాలి. నిజంగా లేనప్పుడు 'ఈ నెల లేవు' అని సిగ్గుపడకుండా చెప్పాలి, అదేదో నేరం ఒప్పుకున్నట్టు గొంతు తగ్గించకుండా. ఆ గొంతులోనే పిల్లోడు సిగ్గు నేర్చుకుంటాడు, మాటల్లో కాదు.

నా మటుకు నాకు, పదేళ్లు దాటిన పిల్లలకి ఇంటి లెక్క తెలియాలి. జీతమెంత, ఇంటి అద్దెనో లోనో ఎంత, స్కూల్ ఫీజు నెలకి పడేలెక్కన ఎంత, అవ్వ మందులకి ఎంత, పాలకి ఎంత. ఒక తెల్ల కాగితం మీద పిల్లోడి చేతనే రాయించి కూడమంటే, ఆ కూడిక వాడి జీవితంలో మొదటి నిజమైన లెక్క అవుతుంది. కొంతమంది 'పిల్లలకి టెన్షన్ ఎందుకండీ' అంటారు. టెన్షన్ వచ్చేది తలుపులేసుకుని గుసగుసలాడుకునే ఇంట్లో. అయితే ఒక హద్దుంది, అప్పుల వాళ్ల ఫోన్లు, మొగుడూపెళ్లాల కొట్లాట, ఇవి లెక్క కిందికి రావు, వాటిని పిల్లోడి నెత్తిన పెట్టకూడదు. ఇంకోటి, 'నీ ఫీజు కోసం ఎంత కష్టపడుతున్నామో తెలుసా' అని రోజూ గుచ్చడం లెక్క చెప్పడం కాదు, అది బాకీ రాయించుకోవడం.

'మా కాలంలో చెప్పుల్లేకుండా చంద్రగిరి దాకా నడిచి చదువుకున్నాం' టైపు కథలు కూడా ఇక్కడ పనిచేయవు, చెప్తే చెప్పండి గానీ శిక్షగా చెప్పొద్దు. ఆ కథ తాతయ్య సరదాగా చెప్తే పిల్లలు మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకుంటారు, అదే కథ నాన్న షూ అడిగినప్పుడు చెప్తే చెవులు మూసుకుంటారు.

చేతిలో కొంచెం డబ్బు పెట్టడం మాత్రం బాగా పనిచేస్తుంది. 2025లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన నిబంధనల ప్రకారం పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా సేవింగ్స్ ఖాతా తెరిచి నడుపుకోవచ్చు, ఎంతవరకు అనే హద్దులు బ్యాంకులు పెట్టుకుంటాయి. 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్‌లో మన ఖాతా నుంచి ఇంట్లో వాళ్లు ఖర్చు పెట్టుకునేలా నెలకి 15,000 లోపు హద్దు పెట్టి వదలొచ్చు. నాకైతే చిన్నోళ్లకి నోట్లే మేలనిపిస్తుంది. ఫోన్లో నొక్కితే పోయే డబ్బు పోయినట్టుండదు, పర్సులో వంద నోట్లు ఐదు కాస్తా నాలుగైతే కళ్లకి కనబడతాది. వారానికి ఇంత అని ఇచ్చి, అది అయిపోతే అయిపోయింది, మధ్యలో కలపకూడదు, అంతే రూలు. మొదటి నెల బుధవారానికే ఖాళీ చేస్తారు, కానీయండి.

మార్కులకి వస్తువు బహుమానంగా పెట్టడం, తప్పు చేస్తే ఫోన్ లాక్కోవడం, ఈ రెండూ మనం గొప్ప క్రమశిక్షణ అనుకుంటాం. మార్షా రిచిన్స్, ఇందాక చెప్పిన లాన్ చాప్లిన్ కలిసి 2015లో పెద్దవాళ్లని వాళ్ల చిన్నతనం గురించి అడిగి చేసిన పరిశోధనలో, ఇట్లా వస్తువులతోనే మెచ్చుకోవడం, వస్తువులతోనే శిక్షించడం మధ్య పెరిగినవాళ్లు పెద్దయ్యాక మనిషిని వస్తువుతో కొలిచే అలవాటు ఎక్కువగా ఉన్నవాళ్లని తేలింది. టెన్త్‌లో 580 వస్తే బైక్ అనే ఆఫర్ ఇచ్చే ముందు ఇది గుర్తు చేసుకోండి.

బర్త్‌డేలు

దీని గురించి రెండు మాటలు చెప్పకపోతే ఊర్లో అమ్మలు ఒప్పుకోరు. క్లాసులో చాక్లెట్ పంచడంతో మొదలై, కేక్ ఇంత ఎత్తు, ఫోటోగ్రాఫరు, గేమ్స్ ఆడించే అమ్మాయి, వచ్చిన ముప్పైమందికి రిటర్న్ గిఫ్టు, దాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టడం, ఇప్పుడిదంతా ఒక ఖర్చుల పట్టీ. పిలిస్తే పోవాలి, పోతే గిఫ్టు, తర్వాత మనం పిలవాలి. దీన్ని ఒక్కరే ఆపలేరు, ఆపితే పిల్లోడు ఒంటరవుతాడు. కానీ గ్రూపులో నలుగురు అమ్మలు కలిసి 'మన పిల్లలకి గిఫ్టు 200 దాటొద్దు, రిటర్న్ గిఫ్టు వద్దు' అని మెసేజ్ పెడితే, నేను చూసినంతవరకు మొదట థాంక్స్ చెప్పేది బాగా ఉన్నోళ్లే, వాళ్లకి కూడా ఇది విసుగే. చాలామందికి ఎవరో ఒకరు ముందు అనాలి, అంతే కావాల్సింది. మీ పిల్లోడి బర్త్‌డేకి ముప్పైమందిని పిలవడం ఎందుకు, నలుగురిని తీసుకుని పొద్దున్నే కపిలతీర్థం పోయొచ్చి టిఫిన్ తినిపించి పంపండి, వర్షాలకి జలపాతం దూకే రోజులైతే ఏ హోటల్ హాలూ దానికి సాటిరాదు.

మన పిల్లోడే డబ్బున్నోడు

ఇది చాలామంది చూడని వైపు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 12(1)(సి) సెక్షన్ ప్రకారం ప్రైవేటు స్కూళ్లు ఒకటో క్లాసులో 25 శాతం సీట్లు పేద, వెనుకబడిన వర్గాల పిల్లలకి ఫ్రీగా ఇవ్వాలి. సుప్రీంకోర్టు 2012లో ఇది సరైనదే అంది, మైనారిటీ స్కూళ్లకి మాత్రం వర్తించదు. మన ఆంధ్రప్రదేశ్‌లో అది గట్టిగా మొదలైంది 2022-23 నుంచే. అంటే మీ పిల్లోడి క్లాసులో ఒకవైపు ఫార్చునర్‌లో దిగే పిల్లోడు, ఇంకోవైపు ఈ సీట్లలో వచ్చిన పిల్లోడు ఉండొచ్చు, మధ్యలో మీవాడు. 2025 జూన్‌లో తల్లికి వందనం డబ్బులు పడినప్పుడు కొందరి అమ్మల ఖాతాలో 13,000 పడింది, ఇన్‌కం టాక్స్ కట్టే ఇళ్లకి రాలేదు, అప్పుడు ఉన్నోళ్ల పిల్లలు కూడా 'మా మమ్మీకి ఎందుకు పడలేదు' అని మొహం వేలాడేసుకున్నారు, పోలిక ఎటువైపైనా పనిచేస్తుంది మరి.

ఢిల్లీలో 2007 నుంచి ప్రైవేటు స్కూళ్లలో పేద పిల్లలకి సీట్లు ఇస్తే ఏమైందో గౌతమ్ రావు అనే ఆర్థికవేత్త పరిశీలించి 2019లో ప్రచురించాడు. ఉన్నోళ్ల పిల్లలు చెడిపోతారు, చదువు దిగజారుతుంది అని అప్పట్లో పేరెంట్స్ గోల చేశారు. తేలింది ఏంటంటే, పేద పిల్లలతో కలిసి చదివిన ఉన్నోళ్ల పిల్లలు ఇతరులకి పంచడంలో, స్వచ్ఛందంగా సాయం చేయడంలో ముందున్నారు, పరుగుపందెం టీముకి ఎంచుకోమంటే బట్టలు చూడకుండా పరుగు చూసి ఎంచుకున్నారు. లెక్కల్లో, హిందీలో మార్కులు ఏం తగ్గలేదు, ఇంగ్లీషులో కొద్దిగా తగ్గాయి, బూతులు కొంచెం ఎక్కువ నేర్చుకున్నారు, ఇది కూడా నిజాయితీగా రాశాడు. అన్నిటికంటే ఆసక్తి కలిగించింది ఇంకోటి, కొన్ని స్కూళ్లలో పేరు మొదటి అక్షరం ప్రకారం స్టడీ గ్రూపులు కట్టేవాళ్లు, ఆ లెక్కలో పేద పిల్లోడితో ఒకే గ్రూపులో పడిన వాళ్లలో మార్పు ఎక్కువ. ఒకే గదిలో ఉంటే చాలదు, కలిసి పని చేయాలి.

మన పిల్లోడు నేలమీద ఉన్నాడా గాల్లో ఉన్నాడా అని తెలుసుకోడానికి నేను చూసే చోటు స్కూలు కాదు, ఊరు. సంక్రాంతికి కార్వేటినగరమో పలమనేరో పోయినప్పుడు జడ్పీ హైస్కూల్లో చదివే మేనత్త కొడుకుతో వీడెట్లా మాట్లాడుతాడు? ఇంగ్లీషు ముక్కలు కావాలని కలుపుతున్నాడా, వాడి ఫోన్ చూసి పెదవి విరుస్తున్నాడా, బావి దగ్గర వాడు ఈత కొడతా ఉంటే గట్టున కూర్చుని 'ఇక్కడ వైఫై లేదు' అంటున్నాడా. స్కూల్లో చిన్నబోయే పిల్లోడే ఊర్లో పెత్తనం చేస్తాడు, రెండూ ఒకే రోగం. ఆ మేనత్త కొడుకు ముందు వాడు రెండు రోజులు ఏమీ తెలీనోడిగా ఉండి, ఆవుకి గడ్డి వేయడం, కల్లంలో పని నేర్చుకుంటే, వాడికి స్కూలు కాకుండా ఇంకో కొలబద్ద దొరికినట్టు. మే నెలలో గంగమ్మ జాతర ఎండల్లో బైరాగి వేషమో దొర వేషమో వేసుకుని వీధుల్లో తిరిగిన పిల్లోడు కూడా అంతే, అక్కడ వాడి పక్కన గంతులేసేవాడి నాన్న ఎవరో వాడికి అక్కర్లేదు.

స్కూటర్ దూరంగా ఆపమన్నప్పుడు

ఏదో ఒకరోజు వస్తాది ఇది, ముఖ్యంగా ఏడు ఎనిమిది క్లాసుల్లో. 'నాన్నా, గేటు దాకా వద్దు, ఈ మలుపు దగ్గర దించేయ్.' టీవీఎస్ ఎక్సెల్ మీద పోయే ఎవరికైనా గుండెలో ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది. కొంతమంది అక్కడే అరుస్తారు, కొంతమంది నెల తిరక్కుండా లోన్ మీద కారు తెస్తారు. ఆ వయసు పిల్లలు కారులో దిగే అమ్మానాన్నల్ని చూసి కూడా సిగ్గుపడతారు, అందరి ముందు అమ్మ తల దువ్వితే సిగ్గు, నాన్న గట్టిగా నవ్వితే సిగ్గు, ఈ సిగ్గులో డబ్బు పాలు కొంచెమే. రెండు రోజులు మలుపు దగ్గర దించండి, ఏం పోదు. ఆ తర్వాత మామూలుగా గేటు దాకా పోండి, వాచ్‌మన్ అన్నని పలకరించండి, పిల్లోడి ఫ్రెండ్స్‌ని పేరు పెట్టి పిలవండి. మీరు ఆ బండి మీద ఎట్లా కూర్చుంటారు అనేదాన్ని పిల్లోడు చూస్తా ఉంటాడు, కారాయన పక్కన ఆగితే మీరు మొహం తిప్పుకుంటే వాడూ తిప్పుకుంటాడు.

తొమ్మిది పదికొచ్చేసరికి బైకుల గోల. క్లాస్‌మేట్ బుల్లెట్ మీద ట్యూషన్‌కి వస్తాడు, మీవాడు అడుగుతాడు. ఇక్కడ తృప్తి, నిరాడంబరత లాంటి మాటలేవీ అవసరం లేదు, చట్టం చాలు: 2019లో మార్చిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి పట్టుబడితే తండ్రికి లేదా బండి యజమానికి 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, పిల్లోడికి 25 ఏళ్లొచ్చేదాకా లైసెన్సు రాదు. మీవాడు నడపకపోయినా వెనక కూర్చోకూడదు అనేది ఇంటి రూలు, దానికి బేరం లేదు.

స్కూలు ఎప్పుడు మార్చాలి

పిల్లోడు వస్తువులు అడిగాడని స్కూలు మార్చకండి, కొత్త స్కూల్లో కొత్త వస్తువులుంటాయి. మార్చాల్సిన సందర్భాలు వేరు. ఫీజు కట్టడానికి ప్రతి జూన్‌లో బంగారం తాకట్టులోకి పోతుంటే, ఆ ఇంట్లో పిల్లోడికి ఏం నేర్పినా నిలవదు, ఆ భయం వాడికి అంటుకుంటుంది. టీచర్లే ఉన్నోళ్ల పిల్లల్ని ముందు బెంచీలో, యాన్యువల్ డే డాన్సులో ముందు వరసలో పెడుతుంటే, ఫీజు బాకీ ఉన్న పిల్లల్ని క్లాసులో నిలబెట్టి పేరు పిలుస్తుంటే, ఒకసారి పోయి మర్యాదగా మాట్లాడండి, మారకపోతే ఆలోచించండి. పిల్లోడు స్కూలంటేనే కడుపునొప్పి అంటున్నా, ఉన్న ఫ్రెండ్స్ పేర్లు అడిగితే ఒక్కటీ చెప్పలేకపోతున్నా, డబ్బు కంటే పెద్దదేదో జరుగుతోందని అర్థం, అప్పుడు వస్తువుల చర్చ పక్కన పెట్టి ఎవరు ఏమంటున్నారో కనుక్కోవాలి.

ప్రైవేటు నుంచి ప్రభుత్వ స్కూలుకో ఎయిడెడ్‌కో మార్చాలనుకుంటే, ఎనిమిదో క్లాసు దాకా విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ మీ వైపు ఉంది, హెడ్‌మాస్టర్ టీసీ వెంటనే ఇవ్వాలి, టీసీ ఆలస్యమైందని అవతలి స్కూలు చేర్చుకోకుండా ఉండకూడదు. మారే ముందు పిల్లోడికి కారణం చెప్పండి, ఫీజు కారణమైతే ఫీజు అనే చెప్పండి, 'ఆ స్కూలు మంచిది కాదు' అని కథలల్లకండి. వాడికి ఇప్పటికే కూడిక వచ్చు.